గల్లీ మగ్గాలు ఆగిన మంగళవారం

భివండిలో స్థిరపడిన తెలుగువాళ్ళలో ఒక నమ్మకం ఉంది. వారపు సెలవైన శుక్రవారం కాని రోజున, బల్బులు వెలుగుతూ ఉండగా ఒక గల్లీలోని మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగితే, ఆ గల్లీలో ఎవరో చనిపోయినట్టే. ఈ నమ్మకం ఆధారం లేనిది కాదు. కరెంటు పోయి ఆగిన మగ్గం సంగతి వేరు. అప్పుడు బల్బు కూడా ఆరిపోతుంది. కరెంటు ఉండి, నూలు ఉండి, నడిపే మనిషి ఉండి మగ్గం ఆపడానికి పవర్‌లూమ్ యజమానికి మరణం తప్ప చాలినంత కారణం కనిపించదు. అది కూడా పొరుగువాడి మరణమైతే మధ్యాహ్నానికి మళ్ళీ స్విచ్ వేస్తాడు. ఎన్నడూ తప్పని సూత్రం కనుక దాన్ని ఎవరూ పరీక్షించలేదు. 2003 జనవరిలో ఒక మంగళవారం ఆ పరీక్ష జరిగింది. పరీక్షించే ఉద్దేశం మాత్రం ఎవరికీ లేదు.

ఆ ఉదయం సిద్ధిరాములు ఉప్మా తింటూ కూతురికి పాఠం అప్పజెబుతున్నాడు. ఆయనకు పద్మానగర్‌లో చిన్న మగ్గాల కార్ఖానా ఉంది. ఆ ఏడాది అక్కడి తెలుగువాళ్ళ సంఘం హాలుకు కార్యదర్శి కూడా. కూతురు దీపాలి అంధేరిలో ఒక ఏజెన్సీలో పని చేస్తోంది. కంపెనీల సమావేశాలకు తగిన చోటు వెదికి, బేరమాడి, ఒప్పందం రాయించడం ఆ ఏజెన్సీ వృత్తి. దీపాలి ప్రొబేషన్ నెలాఖరుతో ముగుస్తుంది. ఆలోగా సొంతంగా ఒక్క వెన్యూ అయినా కుదర్చకపోతే ఇక రానక్కరలేదని పై అధికారి ప్రాజక్త మర్యాదగానే చెప్పింది. రానక్కరలేకపోతే ఏమవుతుందో దీపాలికి తెలుసు. తండ్రి కార్ఖానాలో నూలు కండెలు లెక్కపెడుతూ, ఎవరో కుదిర్చే లగ్గం కోసం ఎదురుచూడాలి.

ముంబైలోని ఒక నూలు కంపెనీ భివండి మగ్గాల యజమానులందరినీ ఒకచోట కూర్చోబెట్టి తన కొత్త దారాన్ని చూపించదలచింది. షార్ట్‌లిస్టులో మూడు చోట్లు మిగిలాయి: నాసిక్ రహదారి మీది హోటలు, అంజూర్ ఫాటా దగ్గరి పెళ్ళిళ్ళ లాన్, సంఘం హాలు. మూడోదాన్ని చేర్చింది దీపాలి. పదకొండు గంటలకు ప్రాజక్త, నూలు కంపెనీ మనిషి భూషణ్ కలిసి సైట్ ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నారు.

"టెంటేటివ్ హోల్డ్ అంటే ఏంది బాపూ?"

"ఖాయం చెయ్యకుండ తారీకు ఆపి పెట్టుడు. ఎస్టీ బస్సు కిటికీలకెల్లి సీటు మీద రుమాలు ఏసినట్టు."

"బరాబర్. ఎట్రిషన్?"

"ఇంతమంది వస్తరని చెప్పి తక్కువమంది వస్తె పార్టీ కట్టే దండుగ. గని బిడ్డా, ఇది నాకు సమజ్ కాలే. పిలిచినంక తక్కువ వచ్చుడేంది? మన లగ్గాలకు ఇంటికొక్కల్ని పిలిస్తె కిరాయికున్నోళ్ళు సుత వస్తరు."

"కంపెనీ మీటింగులకు రారు బాపూ. పోయినసారి పెద్ద హోటల్ల పెడితె సగం కుర్చీలు ఖాళీ. భూషణ్ సర్‌కు ఎట్రిషన్ అంటెనే దడ. సరే, ఫోర్స్ మజూర్?"

"వరద, భూకంపం, కర్ఫ్యూ. మన చేతుల లేని ఆపద. అది వస్తె ఎవలి మీద ఎవలికి హక్కు లేదు."

ఇక్కడ సిద్ధిరాములుకు ఒక సందేహం వచ్చింది. "మరి చావు?"

"చావు దాంట్ల రాదు. ఒకలు చస్తె ఇంకొకలు వచ్చి మీటింగ్ చెయ్యాలె."

"థూ మీ పాడుగాను!" అంది వంటింట్లోంచి సుశీలాబాయి. ఆమె సిద్ధిరాములు భార్య. అతిథుల భోజనానికి కూరలు తేవడానికి సంచి పట్టుకుని బయలుదేరుతోంది. "పొద్దుగాల పొద్దుగాల గవేం మాటలు? తినే కాడ చావు ముచ్చట్లా?"

హాలుకు ఉన్న లోపం ఒకటే: చప్పుడు. దాని చుట్టూ మగ్గాలే. ఏజెన్సీ ప్రశ్నల్లో 'పరిసరాల శబ్దం' అనేదానికి దీపాలి ధైర్యం చేసి 'లేదు' అని జవాబిచ్చింది. ఆ జవాబును నిజం చేసే భారం తండ్రి మీద పడింది. అందుకే సిద్ధిరాములు ముందురోజు సాయంత్రం గల్లీలో ఇంటింటికీ వెళ్ళి, మరునాడు పదకొండు గంటల నుంచి గంటసేపు మగ్గాలు ఆపమని బతిమాలుకున్నాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు. చెప్పకూడదు. పోటీ కంపెనీలకు పొక్కకుండా సమావేశం సంగతి రహస్యంగా ఉంచాలన్న షరతు ఉంది. దాన్ని కాన్ఫిడెన్షియాలిటీ అంటారని ఆయన మొదటిరోజే నేర్చుకున్నాడు. నేర్చుకున్నదాన్ని అక్షరాలా పాటించే స్వభావం ఆయనది.

"ఎందుకని అడుగకు," అని సిద్ధిరాములు గాలయ్య గుమ్మంలో నిలబడి అన్నాడు. గాలయ్య పక్క కార్ఖానా యజమాని, వరసకు బావమరిది. "పదకొండు కాంగనె ఆపు. నా బిడ్డ బతుకు దీని మీదున్నది. ఇంతకన్న చెప్పరాదు."

రహస్యం మోసే అలవాటు లేని మనిషి కావడంతో ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు వణికింది. గాలయ్య ఆ వణుకును గుర్తు పెట్టుకున్నాడు.

మంగళవారం తొమ్మిదింటికి ఒక చేతిబండి సిద్ధిరాములు ఇంటి ముందు నుంచి సంఘం హాలుకు వెళ్ళింది. దాని మీద స్వాగతద్వారం కట్టడానికి వెదురుబొంగులు ఉన్నాయి. కుర్చీలకు తొడగడానికి సొంత కార్ఖానాలో నేసిన తెల్లటి కోరా గుడ్డ తాను ఉంది. స్థానిక వాతావరణం కనిపించాలని ప్రాజక్త చెప్పినందువల్ల మంచినీళ్ళు పోయడానికి కొత్త మట్టికుండలు ఉన్నాయి. అన్నిటిమీదా బంతిపూల దండలు ఉన్నాయి. బండి వెనక సిద్ధిరాములు తలస్నానం చేసి, తెల్ల ధోవతి కట్టుకుని, పాఠం మననం చేసుకుంటూ తల దించుకుని నడిచాడు. గల్లీలో చాలామంది చూశారు. అప్పుడు ఎవరికీ ఏమీ అనిపించలేదు.

పదకొండు గంటలకు గల్లీలోని మగ్గాలు ఆగాయి.

వెనక గల్లీలో పని చేస్తున్నవాళ్ళు మొదట బల్బు వైపు చూశారు. బల్బు వెలుగుతోంది. తరువాత ఒకరి ముఖం ఒకరు చూసుకుని, పద్ధతి ప్రకారం వాళ్ళూ ఆపారు. అది విని దాని వెనక గల్లీ ఆపింది. మూలమీద నూలు దుకాణం నడిపే అంకుశం షట్టరు సగానికి దించి, ఎవరింటికి వెళ్ళాలో కనుక్కోవడానికి గాలయ్య దగ్గరికి వచ్చాడు.

"ఎవలు పోయిన్రు గాలయ్యా?"

"నాకేం ఎరుక? సిద్ధిరాములు బావ ఆపుమన్నడు, ఆపిన."

"ఎప్పుడు చెప్పిండు?"

"నిన్న పొద్దుమీకి. రేపు పదకొండు కాంగనె ఆపు, ఎందుకని అడుగకు అన్నడు. నా బిడ్డ బతుకు అన్నడు. గొంతు సుత వణికింది."

అంకుశం దగ్గరికి జరిగాడు. "నిన్ననే చెప్పిండా? రేపు గింత టైముకని?"

"ఆఁ."

"ఇప్పుడు యాడున్నడు?"

గాలయ్య గల్లీ ఆ చివర నుంచి ఈ చివరికి చూశాడు. ప్రతిరోజూ ఆ సమయానికి కార్ఖానా గడప మీద నిలబడి చాయ్ తాగే సిద్ధిరాములు అక్కడ లేడు.

"పొద్దుగాల బండి పోంగ చూసినవా?" అన్నాడు అంకుశం మెల్లగా. "బొంగులు. తెల్లగుడ్డ. కుండ. పూలు."

"తానం చేసి, తెల్లబట్టలు కట్టుకోని, బండెనుక తలకాయ దించుకోని పోయిండు," అన్నాడు గాలయ్య. గడప మీద కూలబడ్డాడు. "పాడె సామాను తనే కొనుక్కోని పోయిండు గదనే!"

"తన గడియ తనకు ఎరుకైంది," అంటూ అంకుశం చేతులు జోడించాడు. "మామూలు మనిషి కాదు. పుణ్యాత్ముడు."

ఇద్దరూ చెప్పుకున్న విషయాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. బొంగులు నిజం, గుడ్డ నిజం, కుండ నిజం, ముందుగా చెప్పడం నిజం. ఇన్ని నిజాలు కలిసినప్పుడు ఫలితాన్ని విడిగా సరిచూడాలన్న ఆలోచన, హాలు తలుపు నెట్టి చూస్తే తేలిపోయే విషయమైనా, ఎవరికీ రాలేదు. దుఃఖం అలాంటి తనిఖీలను అమర్యాదగా భావిస్తుంది.

చనిపోయే గడియను ముందురోజే చెప్పి పోయిన మనిషి వార్త మామూలు మరణవార్త కంటే వేగంగా ప్రయాణిస్తుంది. పావుగంటలో పద్మానగర్ మగ్గాలు చాలావరకు ఆగాయి. నూలు దుకాణాల్లోని ఫోన్ల ద్వారా కాల్హేర్ గోదాముల్లో పని చేసే బంధువులకు తెలిసింది. వాళ్ళు లోడు దించుతున్న లారీని అలాగే వదిలి ఆటోలు ఎక్కారు. సంఘంలో పెద్దమనిషి రాజయ్య, ఆయాసం ఉన్నా, మనవడి భుజం పట్టుకుని బయలుదేరాడు. దేహం హాలులోనే ఉందని అందరూ నిశ్చయించారు, బండి అక్కడికే వెళ్ళింది కనుక. హాలు ముందు రోడ్డు మీద మగవాళ్ళు తలకు తువ్వాళ్ళు కట్టుకుని వరసలుగా కూర్చున్నారు. లోపల నుంచి పిలుపు వచ్చేదాకా ఎవరూ లోపలికి వెళ్ళకూడదని రాజయ్య ఆజ్ఞాపించాడు. పుణ్యాత్ముడు కనుక ఏడుపు కూడా వద్దన్నాడు.

సుశీలాబాయి కూరగాయల బజారు నుంచి ఆటోలో తిరిగివస్తోంది. గల్లీ మొదట్లోనే, ముందు శవం లేవబోతోందని డ్రైవరు ఆపేశాడు.

"ఆగే నహీ జాయేగా, మౌసీ. మయ్యత్ హై."

"ఎవలిది?"

"సిద్ధిరాములు సేట్. గుజర్ గయే. కల్‌హీ సబ్‌కో బోల్‌కే రఖ్ఖా థా."

నిన్ననే అందరికీ చెప్పి పెట్టాడన్న ఆ చివరి మాటను సుశీలాబాయి తనలో తాను ఇంకోసారి అనుకుంది. ఆమె ఆటో దిగింది. సంచి చేతిలో ఉందో లేదో ఆమెకు తెలియదు. డ్రైవరు కిరాయి అడగలేదు. అతను అడగకపోవడమే ఆమెకు వార్త నిజమని రుజువైంది. మెంతికూర కట్టలు ఒక్కొక్కటే జారిపోతుండగా ఆమె హాలు వైపు నడిచింది.

హాలు లోపల సైట్ ఇన్‌స్పెక్షన్ చక్కగా సాగుతోంది. భూషణ్ వేదిక మీద నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టి, ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గాడు. అతను హిందీలోనూ, ప్రాజక్త మరాఠీలోనూ మాట్లాడుతున్నారు.

"భివండిలో ఇంత నిశ్శబ్దమా! మా ఆఫీసులో కూడా ఉండదు," అన్నాడు భూషణ్.

ప్రాజక్త దీపాలి వైపు చూసి తల ఊపింది. ఆర్నెల్లలో ఆమె అలా తల ఊపడం అది మొదటిసారి. "చెప్పినదానికంటే బాగుంది. ఇక మినిమమ్ గ్యారంటీ మాట్లాడదాం. ఎంతమందికి భోజనం చెప్పాలి?"

సిద్ధిరాములు ఆ మాట వినడం లేదు. మగ్గాల మధ్య బతికినవాడికి చప్పుడులో పొరలు తెలుస్తాయి. పై పొర తన గల్లీది. అది ఆగుతుందని ఆయనకు తెలుసు, ఆపించింది తనే. దాని కింద వెనక గల్లీ చప్పుడు వినబడాలి. వినబడటం లేదు. దాని కింద ఇంకా దూరపు రొద ఉండాలి. అదీ లేదు. ఆయన కూతురిని పక్కకు లాగాడు.

"బిడ్డా, ఎవలో పోయిన్రు."

"ఏంది బాపూ? నువ్వే గద ఆపిచ్చింది?"

"నేను ఆపిచ్చింది మన గల్లీ. ఎనుక గల్లీ ఎందుకాగింది? దానెనుకది ఎందుకాగింది? గింత దూరం ఆగిందంటె ఎవలో పెద్దమనిషే పోయిండు. రాజయ్య కాకకు మొన్నటిసంది దమ్ము ఎక్కువున్నది. అయ్యో, మొన్న చూసి రావాలనుకున్న!"

"తర్వాత పో. ఇప్పుడు గ్యారంటీ మాట్లాడుతున్నరు. ప్రాజక్త మ్యాడమ్ తల ఊపింది చూసినవా? బాపూ, నీ కాళ్ళు మొక్కుత, ఒక్క పది నిమిషాలు."

"చావుకు పోకుంటె ఎట్లనే? రేపు మన చావుకు ఎవలొస్తరు?"

ఆయన అతిథులకు నమస్కరించి, స్వాగతం బల్ల మీది బంతిపూల దండ ఒకటి తీసుకున్నాడు. కండువా తలకు చుట్టుకున్నాడు. తల వంచి, కళ్ళు తుడుచుకుంటూ తలుపు తెరిచి వరండాలోకి వచ్చాడు. రోడ్డు నిండా జనం. ఊహ నిజమైందని ఆయనకు అర్థమైంది.

"ఎవలు పోయిన్రు?" అని అడిగాడు.

కొన్ని వందల మంది నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, శబ్దం మాత్రం లేదు. సిద్ధిరాములు ముందు వరసలో రాజయ్యను చూశాడు. ఆయన మనసు తేలికపడింది.

"కాకా! నువ్వున్నవా! నేను నువ్వే అనుకున్న! మరి ఎవలు? చెప్పరేంది?"

వెనక వరసల్లో కొందరు లేచి రెండడుగులు వెనక్కి వేశారు. ఒక కాల్హేర్ బంధువు చెప్పులు వదిలి పరుగెత్తాడు. అప్పుడు ఆడవాళ్ళ మధ్య నుంచి వెంకవ్వ లేచి నిలబడింది. ఆమె సిద్ధిరాములు అక్క, రాజయ్య ఈడు పెద్దముసలి. ఆమె చెయ్యి చాచి తమ్ముడి వైపు వేలు చూపింది.

"నువ్వేరా తమ్మీ! పోయింది నువ్వే!"

సిద్ధిరాములు చేతిలోని దండ కింద పడింది. వందల మంది ఒకే మాట మీద ఉన్నప్పుడు దాన్ని ఖండించడం తేలిక కాదు. ఆయన ఒక క్షణం తన ఛాతీ తడిమి చూసుకున్నాడు.

"నేనా? నేనెప్పుడు పోయిన?"

"పదకొండు గంటలకు," అన్నాడు గాలయ్య, సాక్ష్యం చెబుతున్నట్టు. "నువ్వే చెప్పినవు గద బావా!"

"నేను మగ్గాలు ఆపుమన్న. చస్తనని చెప్పిన్నా?"

"ఎందుకని అడుగకుమన్నవు. అడుగలే."

అంకుశం గడియారం చూశాడు. పుణ్యాత్ముడి మీద అతని విశ్వాసం ఇంకా పూర్తిగా సడలలేదు. "టైము కొంచెం ఎనుకకు ముందుకు అయిందేమో. ఇంకో పది నిమిషాలు చూద్దాం."

ఆ మాట పూర్తయ్యేలోగా జనం చీలి సుశీలాబాయికి దారి ఇచ్చారు. ఆమె మెట్లెక్కి భర్త ముందు నిలబడింది. ఆయన్ను కింది నుంచి పైదాకా చూసింది. చేతిలో మిగిలిన ఖాళీ సంచితో భుజం మీద ఒకటి కొట్టింది.

"పొద్దుగాల ఉప్మ తిని కూసున్నవు. అందరికి చెప్పినవు. ఆటో డ్రైవరుకు సుత ఎరుకున్నది. నాకొక్క మాట చెప్పొద్దా?"

"అరె, నేను చావలేదే!"

"అది సుత నాకు చెప్పలే!" అని ఆమె మెట్ల మీద కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది.

ప్రాజక్త, భూషణ్ గుమ్మంలోకి వచ్చారు. దీపాలి వాళ్ళ వెనక గోడకు ఆనుకుని నిలబడింది. ఆమెకు అంతా అర్థమైంది. అర్థం కావడం వల్ల ప్రయోజనం కనిపించలేదు. వెన్యూ కార్యదర్శి శవయాత్రకు సిద్ధమై కూర్చున్న జనం మధ్య జరిగిన సైట్ ఇన్‌స్పెక్షన్ గురించి నివేదికలో ఏమి రాయాలో శిక్షణలో ఎవరూ చెప్పలేదు. ఆమె ప్రాజక్తకు మరాఠీలో జరిగిందంతా, దాచకుండా చెప్పింది. ప్రాజక్త చేతిలోని పెన్ను మూత పెట్టేసింది.

"పద దీపాలి, లాన్ చూడటానికి వెళ్దాం," అంది. ఆమె గొంతులో కోపం లేదు. అదే దీపాలిని భయపెట్టింది.

కాని భూషణ్ కదలలేదు. అతను జనాన్ని చూస్తున్నాడు. వరస తరువాత వరస. తువ్వాళ్ళు కట్టుకున్న మగ్గాల యజమానులు. కార్డులు పంపి, ఫోన్లు చేసి, హోటల్లో భోజనం ఎర చూపి పోయినసారి రప్పించలేకపోయిన మనుషులు.

"వీళ్ళంతా ఎప్పుడు వచ్చారు?" అని అడిగాడు.

"ఇప్పుడే," అంది దీపాలి.

"పిలవకుండానా?"

"పిలవకుండానే."

"హాలు ఇదే," అన్నాడు భూషణ్. "వచ్చే నెల మొదటి బుధవారం. షరతు ఒక్కటే. ఆ రోజు కూడా మగ్గాలు ఇలాగే ఆగాలి, ఈ జనమే రావాలి. ఒప్పుకుంటే ఇప్పుడే సంతకం."

ప్రాజక్త పెన్ను మూత మళ్ళీ తీసింది. సిద్ధిరాములు కృతజ్ఞతతో జనం వైపు తిరిగాడు. రహస్యం ఇక మిగలలేదు కనుక కూతురి ఉద్యోగం సంగతి, కంపెనీ సంగతి అన్నీ చెప్పాడు. మరొక్క పూట మగ్గాలు ఆపమని దండం పెట్టి అడిగాడు. జనం ఆశ్చర్యం అప్పటికి తగ్గింది. దాని స్థానంలో వేరే భావం వచ్చింది. పని మానుకుని వచ్చి, కూర్చుని, ఎవరూ చనిపోలేదని తెలుసుకున్నవాళ్ళు వాళ్ళు.

రాజయ్య లేచాడు. ఆయాసం తీర్చుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

"సిద్ధిరాములూ, ఒక మనిషికి మగ్గం ఆగేది ఒక్కసారే. నీ కోసం ఇయ్యాల ఆగింది. నీది అయిపోయింది."

"గట్లెట్ల కాకా? నేను చావనే లేదు గద!"

"అది నీ ఇష్టం. మేము ఆపినం. రేపు నువ్వు నిజంగ పోయినా ఇగ ఆగవు. మళ్ళ మీటింగుకు ఆపుమంటె ఎవల పేరు మీద ఆపాలె?"

ఆ నియమం అంతకుముందు ఉందో లేదో ఎవరికీ తెలియదు. రెండోసారి అవసరమైనవాడు అప్పటిదాకా ఎవడూ లేడు. అయినా వినగానే అందరికీ న్యాయంగా తోచింది. "బరాబర్ మాట," అన్నాడు గాలయ్య.

"శుక్రారం పెట్టుకోమను, ఎట్లనన్న బందే ఉంటయి," అన్నాడు అంకుశం. శుక్రవారం సగం మంది యజమానులు నమాజుకు వెళతారని, వాళ్ళు కూడా రావాలని, పైగా తమ డైరెక్టరు ఖాళీగా ఉన్నది ఆ బుధవారం ఒక్కటేనని భూషణ్ జవాబిచ్చాడు.

సిద్ధిరాములు మెట్ల మీద, భార్య పక్కన కూర్చుండిపోయాడు. బతికుండగానే తన చావు మర్యాద ఖర్చయిపోయిందని ఆయనకు అప్పుడే తెలిసింది. దాన్ని కూతురి కోసం ఖర్చుపెట్టి కూడా పని కాలేదని తెలిసింది. దీపాలి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "పోనీ బాపూ," అంది. ఆ వెంటనే ఏడ్చేసింది.

"ఓ రాజయ్యా," అంది వెంకవ్వ.

అందరూ అటు తిరిగారు. ఆమె ఇంకా నిలబడే ఉంది.

"నాది ఉన్నది గద? నాకు ఇంకా ఆపలే గద?"

"నీదేంది అక్కా?"

"నేను చస్తె ఒక పూట ఆపుతరు గద. అది ఈ పిల్లకియ్యుండ్రి. మీ అందరి మగ్గాలకు కండెలు చుట్టి చుట్టి నా చేతి ఏళ్ళు వంకరపోయినయి, నాకు ఆ మాత్రం హక్కున్నదా లేదా?"

"హక్కు ఎందుకు లేదు? గని అక్కా, నీ చావునాడు మగ్గాలు ఆడుతుంటె బాగుంటదా? చూసినోళ్ళు ఏమంటరు?"

"నేను చచ్చినంక మగ్గం ఆడితె నాకు ఇనవడ్తదారా? ఇయ్యాల ఈ పిల్ల ఏడుస్తె ఇనవడ్తున్నది."

"అత్తా, వద్దు," అంది దీపాలి.

"నువ్వు నోర్ముయ్యే. మధ్యల నీకేంది? నాది నేనిచ్చుకుంటున్న."

రాజయ్య చాలాసేపు ఆలోచించాడు. నియమం తను చేసిందే కనుక దాన్ని తప్పించుకునే దారి తనకే దొరకలేదు. చివరికి, ఇచ్చే మనిషి సొంత నోటితో పదిమంది ముందు ఇచ్చింది గనుక చెల్లుతుందని తీర్పు చెప్పాడు. వెంకవ్వ పేరు మీద ఆ బుధవారం మగ్గాలు ఆగుతాయి. తరువాత ఆమెకు ఆగవు. జనం ఒప్పుకున్నారు.

ప్రాజక్త ఒప్పందం కాగితం మోకాలి మీద పెట్టుకుని, దీపాలి చెప్పిందంతా రెండుసార్లు విన్నది. ఈ వృత్తిలో ఆమెకు పదేళ్ళ అనుభవం ఉంది. హాలు అద్దె, రద్దు షరతు, ఎట్రిషన్, ఫోర్స్ మజూర్, అన్నిటికీ చోటు తెలుసు. ఒక ముసలామె తన మరణానికి దక్కవలసిన నిశ్శబ్దాన్ని ముందుగా మేనకోడలికి బదిలీ చేస్తే దాన్ని ఏ శీర్షిక కింద రాయాలో తెలియలేదు. కొంత తర్జనభర్జన తరువాత, వెన్యూవారు ఉచితంగా ఇచ్చే సౌకర్యాల కింద రాసింది: తాగునీరు, పార్కింగ్, కుర్చీల ముసుగులు, నిశ్శబ్దం.

సమావేశం అనుకున్న బుధవారమే జరిగింది. మగ్గాలు పూట మొత్తం ఆగాయి. హాలు నిండి, వరండా నిండి, రోడ్డు మీద కూడా కుర్చీలు వేశారు. దూరపు గల్లీల నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది చేతుల్లో దండలు ఉన్నాయి. మరొక గిరాకీ కనిపించకపోవడంతో వాటిని నూలు కంపెనీ డైరెక్టరు మెడలో వేశారు. దీపాలి ఉద్యోగం ఖాయమైంది.

వెంకవ్వ నాలుగేళ్ళ తరువాత వానాకాలంలో, ఒక గురువారం పొద్దున చనిపోయింది. ఆ రోజు గల్లీలో మగ్గాలన్నీ సాయంత్రం దాకా నడిచాయి. వెనక గల్లీవాళ్ళకు సంగతి మరునాడు తెలిసింది.